శకుంతలను మలచిన ఫ్రెంచి శిల్పి

అభిజ్ఞాన శాకుంతలము సప్తమాంకమున, హేమకూట పర్వతముపై మారీచాశ్రమమునందు, దుష్యంతుడు శకుంతల పాదములపై వ్రాలును. ఏకవేణితో, మాసిన వస్త్రములతో వ్రతనియమముల నాచరించుచున్న శకుంతల, పశ్చాత్తాపముచే వివర్ణుడైన రాజును తొలుత గుర్తింపజాలదు. గుర్తించిన పిమ్మట ఆమె పలుకబోయిన జయశబ్దము కన్నీటి వలన గొంతులోనే నిలిచిపోవును. మూలమునందు గాని, వీరేశలింగముగారి తెలుగు సేతయందు గాని ఈ ఘట్టమును చదువని తెలుగు ఉపాధ్యాయుడు అరుదు. కాని ఈ ఘట్టమునే ఎన్నుకొని, దుష్యంత శకుంతలల నిరువురను సహజ పరిమాణమున బంకమట్టితో మలచిన ఫ్రెంచి యువతి యొకతె కలదని ఎరిగినవారు మనలో కొలదిమందియే.

ఆమె పేరు కమీల్ క్లోదెల్. 1888లో పారిస్ నగరపు వార్షిక కళాప్రదర్శనమగు ‘సలోన్’నందు ఆ శిల్పపు ప్లాస్టరు ప్రతిని నిలిపినప్పుడు ఆమెకు ఇరువది మూడేండ్లు. దానికి ఆమె పెట్టిన పేరు ‘శకుంతల’. రాజు మోకాళ్ళపై నిలిచి, చేతులతో ఆమె నడుమును చుట్టి, ముఖమును పైకెత్తి యున్నాడు. ఆమె కన్నులు మూసికొని, ఒక చేతిని రొమ్ముపై నుంచుకొని, మేని బరువునంతయు అతని వైపు సడలించి, తలను అతని తలకు ఆనించినది. క్షమించుట ఇంకను పూర్తికాలేదు, పూర్తి కాబోవుచున్నది. ఆ నడిమి క్షణమును మట్టిలో పట్టుకొనుటయే అందలి ప్రతిభ. న్యాయనిర్ణేతలు దానికి గౌరవ ప్రశంస నొసగిరి.

శకుంతల పారిస్ నగరమునకు అంతకుముందే తెలియును. 1789లో విలియం జోన్స్ ఆంగ్లానువాదము వెలువడిన తరువాత ఆ నాటకము యూరపు ఖండమంతట వ్యాపించెను. 1830లో షెజీ పండితుడు దానిని ఫ్రెంచి భాషలోనికి తెచ్చెను. 1858లో గోతియే కవి దానిని నృత్యనాటకముగా కూర్చగా పారిస్ ఒపేరాలో ప్రదర్శించిరి. అయినను ఆ దేశపు రసికులు శకుంతలను ఎక్కువగా వనకన్యగానే, లేళ్ళనడుమ లతాంగిగానే ఊహించుకొనిరి. మన రవివర్మయు ఇంచుమించు అట్లే చేసెను. దర్భముల్లు నెపమున వెనుదిరిగి చూచు ముగ్ధనే ఆయన మన గోడలకు ఇచ్చెను. కమీల్ ఆ శకుంతలను విడిచి, అవమానమును, ఏకాంతమును, మాతృత్వమును దాటివచ్చిన సప్తమాంక శకుంతలను ఎన్నుకొనెను. ఇరువది మూడేండ్ల వయసున ఆ ఎంపిక సామాన్యమైనది కాదు.

నేడు కమీల్ క్లోదెల్ పేరు లోకమునకు తెలియనిది కాదు. కాని ఆ పేరుతోపాటు రెండే మాటలు వినవచ్చును: రోడిన్ ప్రియురాలు, పిచ్చాసుపత్రి. నవలలు, నాటకములు, చలనచిత్రములు ఆ రెండు మాటల చుట్టును అల్లుకొన్నవి. ఆ కథ కరుణరసాత్మకము, సత్యము కూడ. అయితే ఆ కథను విన్నవారిలో ఎందరు ఆమె శిల్పములలో నాలుగింటి పేర్లు చెప్పగలరు? జీవించియుండగా ఆమె చేతినుండి రాతిని లాగివేసినవారు కొందరైతే, మరణానంతరము ఆమెను కన్నీటి కథగా మాత్రమే చెప్పుకొని ఆ రాతిని మరుగుపరచినవారు మరికొందరు. రెండవ అపరాధము జాలి పేరుతో జరుగుచున్నది గనుక దానిని గుర్తించుట కష్టము.

ఆమె 1864 డిసెంబరు 8న ఉత్తర ఫ్రాన్సునందలి ఫేర్-ఆన్-తార్దెన్వా అను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రి లూయీ-ప్రోస్పేర్ ఆస్తి తనఖాల నమోదు శాఖలో ఉద్యోగి. తల్లి పల్లెటూరి వైద్యుని కుమార్తె. కమీల్ తరువాత లూయీజ్ అను చెల్లెలు, 1868లో పాల్ అను తమ్ముడు పుట్టిరి. ఈ పాలే తరువాత కవిగా, నాటకకర్తగా, రాయబారిగా ప్రసిద్ధికెక్కిన పాల్ క్లోదెల్. తండ్రి బదిలీలతోపాటు కుటుంబము ఊరూరు తిరుగుచుండెను. చిన్ననాటినుండి కమీల్‌కు మట్టియే ఆట. తమ్ముని, చెల్లెలిని, ఇంటి పనిమనిషిని కూర్చుండబెట్టి బొమ్మలు చేయుచుండెను. తల్లికి ఈ మట్టిపని రుచింపలేదు. తండ్రి మాత్రము నొజెంట్-సుర్-సేన్ పట్టణమున ఉన్నప్పుడు అక్కడి శిల్పి ఆల్ఫ్రెడ్ బూషేకు కుమార్తె బొమ్మలను చూపించెను. బూషే వాటిలోని శక్తిని గ్రహించి ప్రోత్సహించెను. ఒక తండ్రి, ఒక గురువు, వీరిరువురు లేనిచో కథ అక్కడనే ముగిసియుండెడిది.

1881లో తల్లియు పిల్లలును పారిస్‌కు మారిరి. తండ్రి తన ఉద్యోగపు ఊరిలో ఉండి డబ్బు పంపుచుండెను. ఆ నగరమున శిల్పవిద్యకు పెద్ద గుడి ప్రభుత్వ లలితకళా పాఠశాల. దాని తలుపులు స్త్రీలకు 1897 వరకు తెరువలేదు. ఆ పాఠశాల విద్యార్థులకు పరమావధియైన ‘రోమ్ బహుమానము’నకు స్త్రీలు పోటీచేయు హక్కు 1903లో వచ్చెను, శిల్పమున దానిని ఒక స్త్రీ మొదటిసారి గెలుచుకొనుట 1911లో. ఈ మూడు సంవత్సరములను కమీల్ వయసుతో సరిచూచినచో విషయము తేటపడును. తలుపు తెరచునాటికి ఆమెకు ముప్పది రెండేండ్లు దాటినవి. బహుమానపు పోటీ ప్రాప్తించునాటికి ముప్పది ఎనిమిది. ఆమె కాలము ఆమెకు ఎప్పుడును ఒక మెట్టు వెనుకనే వచ్చినది.

అందువలన ఆమె స్త్రీలకు ప్రవేశము గల కొలరోస్సీ అను ప్రైవేటు కళాశాలలో చేరెను. మరికొందరు యువతులతో కలసి నోత్ర్-దామ్-దె-షాం వీథిలో ఒక శిల్పశాలను అద్దెకు తీసికొనెను. బూషే వచ్చి వారి పనిని దిద్దుచుండెను. ఆ నాటి ‘వృద్ధ హెలెన్’ అను ముసలిదాసి శిరస్సును చూచినచో ఈ బాలిక ముడుతను అలంకారముగా గాక ఎముక మీద కట్టిన కాలముగా చూచినదని తెలియును. 1882లో బూషే ఇటలీకి పోవుచు తన శిష్యురాండ్రను చూడవలసినదిగా ఒక మిత్రుని కోరెను. ఆ మిత్రుడు ఓగ్యూస్త్ రోడిన్.

రోడిన్‌కు అప్పటికి నలువది రెండేండ్లు. ఆలస్యముగా వచ్చిన కీర్తి అప్పుడప్పుడే ఆయనను చేరుచుండెను. 1884 ప్రాంతమున కమీల్ ఆయన శిల్పశాలలో సహాయకురాలయ్యెను. ‘నరకద్వారము’, ‘కాలే పౌరులు’ అను మహాశిల్పముల పని అప్పుడు సాగుచుండెను. చేతులను, పాదములను మలచు పనిని రోడిన్ ఆమెకు అప్పగించెనని చెప్పుదురు. శిల్పము చేసినవారికి ఆ మాటలోని బరువు తెలియును. ముఖము కంటె చేయి కష్టము. ముఖము నవ్వి తప్పించుకొనగలదు, చేయి తప్పించుకొనలేదు. ఆ కాలపు శిల్పశాలల ఆచారము ప్రకారము సహాయకుల పని యజమాని పేరుతోనే వెలువడును. అది దొంగతనము కాదు, వృత్తిధర్మము. కాని ఆ ధర్మము వలన ఎవరి వ్రేలు ఎక్కడ తగిలినదో నేటికిని పండితులు వాదించుకొనుచున్నారు.

వారి అనుబంధము లోకవిదితమే. రోడిన్‌కు 1864 నుండి రోజ్ బెరే అను సహచరి కలదు. ఆమెను ఆయన విడువలేదు, కమీల్‌ను వివాహమాడలేదు. ఇంతకంటె ఆ ప్రసంగమును పొడిగించుట ఇచ్చట అనవసరము. శిల్పదృష్టితో చెప్పవలసిన దొకటి కలదు. ‘శకుంతల’ ప్రదర్శితమైన తరువాత రోడిన్ చేసిన ‘శాశ్వత దేవత’ అను శిల్పమున మోకరిల్లిన పురుషుడు, అతనిపైకి వంగిన స్త్రీ కనబడుదురు. శిష్యురాలు గురువునుండి నేర్చినదని అందరు చెప్పుదురు. గురువు శిష్యురాలినుండి నేర్చినది లేదని ఎవరు చెప్పగలరు? ఆమె చేసిన రోడిన్ శిరస్సు 1892లో కంచున ప్రదర్శితమైనది. గురువును ఇంత నిర్భయముగా, ఇంత గౌరవముగా చూచిన శిల్పము మరొకటి లేదు.

ఈ వృత్తిని గూర్చి సాహిత్య విద్యార్థులకు ఒక మాట చెప్పక తప్పదు. కవికి కాగితము, కలము చాలును. పేదరికము కవిని బాధించును గాని కావ్యమును ఆపలేదు. శిల్పమట్లు కాదు. ముందు మట్టి, తడి ఆరకుండ నిత్యము తడిగుడ్డలు కప్పవలెను. మట్టినుండి ప్లాస్టరు అచ్చు తీయవలెను, అచ్చుపనివానికి కూలి. ప్లాస్టరునుండి పాలరాతికో, కంచుకో మార్చవలెను. రాతికి ధర, రాతిని చెక్కువానికి దినకూలి, పోతశాలకు వేల ఫ్రాంకులు. ఎదుట కూర్చుండు మనిషికి గంటకింత అని ఇవ్వవలెను. ఎత్తైన కప్పు, వెలుతురు గల గదికి అద్దె. కాబట్టి ప్రభుత్వమో, శ్రీమంతుడో ముందుగా పని అప్పగింపనిచో పెద్ద శిల్పము ప్లాస్టరు దశయందే నిలిచిపోవును. ప్లాస్టరు పెళుసు, దాని ఆయుర్దాయము కొంచెము. కమీల్ జీవితమున రోడిన్ ప్రేమ కంటె కూడ ఈ లెక్కలే ఎక్కువ నిర్ణయములు చేసినవని ఆమె ఉత్తరములు చదివినవారికి తోచును. వానిలో కన్నీటి కంటె బాకీలు ఎక్కువ.

‘వాల్ట్జ్’ కథ ఇందుకు మంచి ఉదాహరణము. ఒక యువకుడును యువతియు నృత్యము చేయుచు, పడిపోవుటకు ఒక్క వెండ్రుకవాసి దూరమున ఒరిగి యున్నారు. ఆ ఒరుగుటయందే సంగీతము. పాలరాతిలో చేయుటకు ప్రభుత్వమును అర్థింపగా 1892లో లలితకళా శాఖ పర్యవేక్షకుడు అర్మాన్ దయో చూడవచ్చెను. పనితనమును మెచ్చుకొనెను, కాని రెండు నగ్న దేహములు అంత చేరువగా ఉండుట ప్రభుత్వ ప్రదర్శనశాలకు తగదని అభ్యంతరము చెప్పెను. వస్త్రములు కప్పవలెనట! నగ్న శిల్పములతో నిండిన పారిస్‌లో ఈ అభ్యంతరము రోడిన్‌కు ఎదురైనను ఆయన దానిని దాటగలిగెను. ఒక యువతి చేసినప్పుడు అది గోడయైనది. కమీల్ నెలలు శ్రమించి యువతి నడుమునుండి క్రిందికి గాలికి ఎగయు వస్త్రమును చేర్చెను. విచిత్రమేమనగా ఆ వస్త్రము వలన శిల్పము చెడలేదు. సుడిగాలివలె చుట్టుకొని నృత్యమునకే వేగము తెచ్చినది. పర్యవేక్షకుడు రెండవమారు వచ్చి ఆమోదముతో వ్రాసెను. అయినను పాలరాతి ఉత్తరువు రానే లేదు. 1893లో ప్లాస్టరు రూపముననే అది ప్రదర్శితమయ్యెను. తరువాత చిన్న కంచు ప్రతులు వెలువడినవి. దాని ప్రతి యొకటి సంగీతకర్త దెబుస్సీ గదిలో ఆయన జీవితాంతము ఉండెను.

1892 తరువాత ఆమె క్రమముగా రోడిన్ నీడనుండి వెలుపలికి నడచెను. వేరు శిల్పశాల, వేరు ఆలోచన. 1893 డిసెంబరున తమ్మునకు వ్రాసిన ఉత్తరమున తాను తలపెట్టిన క్రొత్త శిల్పములకు చిన్న చిన్న బొమ్మలు గీసి పంపుచు, ఇవి ఇక రోడిన్ వానివలె ఏ మాత్రము ఉండవని గర్వముగా చెప్పుకొనెను. ఆ గర్వము నిరాధారము కాదు. రోడిన్ ఎప్పుడును మహాకాయములను, పురాణ పురుషులను తలచుచుండగా ఆమె వీథిలోనికి, రైలుపెట్టెలోనికి, ఇంటి మూలలోనికి చూచెను. ‘ముచ్చటలాడువారు’ అను శిల్పమున నలుగురు స్త్రీలు గోడ మూలను చేరి కూర్చుండిరి. ఒకతె ఏదో రహస్యము చెప్పుచున్నది, ముగ్గురు మెడలు చాచి వినుచున్నారు. అంతయు కలిపి మూరెడు లేదు. కాని ఆ మెడల వంపులో ఊరి రచ్చబండయంత గోల వినిపించును. మన చెరువుగట్టుపై నిలిపినను ఆ నలుగురు పరాయివారుగా కనబడరు. దానిని ఆమె ఆకుపచ్చని ఓనిక్స్ రాతిలో స్వయముగా చెక్కెను. ఓనిక్స్ మొండిరాయి, చెప్పిన మాట వినదు. రోడిన్‌తోపాటు ఆ కాలపు ప్రసిద్ధ శిల్పులు పలువురు మట్టిలో మలచి, రాతిపనిని కూలివాండ్రకు అప్పగించుచుండగా ఈమె ఉలిని తానే పట్టెను, గొఱ్ఱె ఎముకతో తానే మెరుగు పెట్టెను.

‘చిన్ని జమీందారిణి’ అను ఆరేండ్ల బాలిక శిరస్సు మరియొక అద్భుతము. లిస్లెత్ కోటలో విడిది చేసినప్పుడు ఆ యింటి మనుమరాలిని 62 మార్లు ఎదుట కూర్చుండబెట్టుకొని చేసినది. పాలరాతి ప్రతులలో ఒకదానిని లోపలినుండి ఎంతగా తొలిచెననగా వెలుతురు ఆ చెక్కిళ్ళలోనుండి ప్రసరించునట్లుండును. విమర్శకుడు మీర్బో ఆమెయందు గల ప్రతిభను పత్రికలలో ఎలుగెత్తి చాటెను. 1898లో మొర్హార్ట్ అను రచయిత ‘మెర్క్యూర్ ద ఫ్రాన్స్’ పత్రికలో ఆమెను గూర్చి సుదీర్ఘ వ్యాసము ప్రకటించెను. కీర్తి రాలేదని చెప్పుట తప్పు. కీర్తి వచ్చినది, రాతికి డబ్బు రాలేదు.

ఇక ‘ప్రౌఢ వయస్సు’. ముగ్గురు మనుష్యులు. ముసలితనము వంటి ఒక వృద్ధ స్త్రీ ఒక పురుషుని తనవైపు లాగికొని పోవుచున్నది. వెనుక మోకాళ్ళపై ఒక యువతి చేతులు చాచి వేడుచున్నది. 1895లో ప్రభుత్వము దీని ప్లాస్టరును 2,500 ఫ్రాంకులకు ఉత్తరువు చేసెను. దీనికి రెండు రూపములు కలవు. మొదటిదానిలో యువతి పురుషుని చేతిని ఇంకను పట్టుకొనియే యున్నది. రెండవదానిలో పట్టు తప్పినది. అతని చేతికిని ఆమె చేతులకును నడుమ జానెడు ఖాళీ మిగిలినది. శిల్పమంతయు ఆ ఖాళీ వైపు పరుగెత్తును. రాతిని, కంచును మలచినవారు వేలకొలది కలరు. శూన్యమును మలచినవారు కొలదిమంది. దీనిని వృద్ధ రోజ్ బెరే, రోడిన్, కమీల్ అని మూడు పేర్లు పెట్టి చూచుట అలవాటైనది. ఆమె తమ్ముడు కూడ అట్లే వ్యాఖ్యానించెను. ఆ అర్థము లేదనలేము. కాని ఆ పేర్లు తెలియని మనిషి యెదుట నిలిచినను ఆ జానెడు ఖాళీ అతనిని కలవరపెట్టును. శిల్పపు బలము అచ్చటనే కలదు. 1899లో ప్లాస్టరు ప్రదర్శితమైనది. కంచున పోయించుటకు తలపెట్టిన ప్రభుత్వ ఉత్తరువు ఆ సంవత్సరమే రద్దయ్యెను. రోడిన్ జోక్యమే కారణమని పలువురు అనుమానించిరి, రుజువు లేదు. చివరకు ఒక సైనికాధికారి తన సొంత సొమ్ముతో 1902లో దానిని కంచున పోయించెను.

‘శకుంతల’ ఏమైనదో చెప్పవలసియున్నది. 1895లో ప్లాస్టరు ప్రతిని కమీల్ షాతోరూ పట్టణపు మ్యూజియమునకు ఇచ్చెను. అచ్చటి పెద్దమనుష్యులు కొందరు దానిని చూచి నవ్విరి. పత్రికలలో ఎగతాళి చేసిరి. పదేండ్ల తరువాత, 1905లో, ఒక ప్రభుపత్ని పోషణతో అదే కూర్పు పాలరాతిలో వెలువడినది. కాని అప్పుడు దాని పేరు ‘వెర్తుమ్నుడు, పొమోన’. వీరు రోమను పురాణములందలి ఋతుదేవుడును ఫలదేవతయును. ఆ ఏడే కళావర్తకుడు బ్లో పోయించిన కంచు ప్రతుల పేరు ‘ఆత్మసమర్పణము’ వంటి అర్థము గల మరియొక ఫ్రెంచి మాట. కారణము ఏదైనను, ఈ మారు దుర్వాసుని శాపము లేకయే శకుంతల తన పేరును మరచిపోవలసి వచ్చెను.

1905 తరువాతి కథ వేగముగా క్రిందికి జారును. సేన్ నదిలోని ద్వీపమున బూర్బన్ కట్టపై 19వ ఇంటి నేలగదిలో ఆమె ఒంటరిగా ఉండెను. తన ఊహలను రోడిన్ ముఠా దొంగిలించుచున్నదని, తనకు విషము పెట్ట జూచుచున్నారని ఆమె నమ్మెను. తలుపులు, కిటికీలు బిగించుకొనెను. చేసిన శిల్పములను సుత్తితో తానే పగులగొట్టెను. ఇది వ్యాధియే, ప్రేమగాథలు ప్రియముగా చెప్పువారు దీనిని ప్రేమవైఫల్యమని సరిపెట్టుదురు గాని వ్యాధిని వ్యాధి యనుట ఆమెకు అవమానము కాదు. ఆ స్థితియందును 1907లో ప్రభుత్వము కొరకు ‘గాయపడిన నియోబిద్’ను కంచున సమర్పించెను. అదియే చివరి ప్రభుత్వపు పని. విశేషమేమనగా బాణము తగిలి ఒరిగిపోవుచున్న ఆ ఏకాకి యువతి, దుష్యంతుని తొలగించిన శకుంతలయే. అదే తల, అదే చేయి, అదే వంపు. ఆనించుకొనుటకు ఎదుట మనిషి మాత్రము లేడు.

1913 మార్చి 2న తండ్రి మరణించెను. ఆ వార్త ఆమెకు తెలుపలేదు. ఎనిమిది దినములు గడువకముందే, మార్చి 10న, ఆమెను ఆ నేలగదినుండి తీసికొనిపోయి వీల్-ఎవ్రార్ మానసిక చికిత్సాలయమున చేర్చిరి. 1838 జూన్ 30 నాటి చట్టము ప్రకారము కుటుంబములోని ఒకరి అర్జీ, ఒక వైద్యుని ధ్రువపత్రము చాలును. ఆ విధానమునకు చట్టము పెట్టిన పేరు ‘స్వచ్ఛంద ప్రవేశము’! స్వచ్ఛందము ఎవరిది? అర్జీ పెట్టిన తల్లిది. రోగిని ముందుగా న్యాయాధిపతి యెదుట నిలుపు నియమము అందు లేదు. నన్నయ శకుంతలకు తన సత్యమును చాటుకొనుటకు నిండుసభ యైనను లభించినది. కాళిదాసు శకుంతలయు పంచమాంకమున రాజును ముఖముననే నిందింపగలిగినది. కమీల్‌కు సభ లేదు.

1914లో యుద్ధము రాగా ఆమెను దక్షిణమునకు, అవిన్యో సమీపమున మోఁఫావె యందలి మోఁద్వెర్గ్ చికిత్సాలయమునకు మార్చిరి. అచ్చటనే ఆమె మిగిలిన జీవితమంతయు గడచెను. విషభీతి వలన గ్రుడ్లు, పొట్టుతో ఉడికించిన బంగాళాదుంపలు తానే వండుకొని తినుచుండెను. మట్టిని మరల ముట్టలేదు. చలిని గూర్చి, ఇంటిని గూర్చి ఉత్తరములు వ్రాసెను. వానిలో కొన్ని గమ్యము చేరకయే రోగుల కాగితములలో నిలిచిపోయినవి. 1920లో ఆమె కొంత నెమ్మదించినదని, ఇంటికి పంపి చూడవచ్చునని వైద్యుడు తల్లికి వ్రాసెను. తల్లి అంగీకరింపలేదు. ఆ తల్లి 1929లో మరణించు వరకు ఒక్కమారైనను కుమార్తెను చూడబోలేదు. తమ్ముడు టోక్యో, వాషింగ్టన్, బ్రస్సెల్స్ నగరములందు రాయబారియై, సెలవులలో వచ్చి ముప్పది ఏండ్లలో సుమారు పండ్రెండు మార్లు చూచెను. యౌవనమున ఆమెతో శిల్పశాలను పంచుకొన్న ఆంగ్ల స్నేహితురాలు జెస్సీ లిప్స్కూంబ్ 1929లో భర్తతో వెదకికొని వచ్చెను. అప్పుడు తీసిన ఛాయాచిత్రమున కమీల్ చేతులు ముడుచుకొని కూర్చున్నది. ముప్పది యేండ్ల క్రిందట ఓనిక్స్‌ను లొంగదీసిన చేతులవి.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున, జర్మనుల ఆక్రమణలోని ఫ్రాన్సున, మానసిక చికిత్సాలయములలో 40,000 మందికి పైగా రోగులు ఆకలిచేతను దాని వెంట వచ్చిన వ్యాధులచేతను మరణించిరి. కమీల్ 1943 అక్టోబరు 19న, డెబ్బది ఎనిమిదవ యేట, కన్ను మూసెను. చికిత్సాలయపు శ్మశానమున పాతిపెట్టిరి, బంధువులెవరును రాలేదు. తరువాత ఆ స్థలమును వేరు పనికి తీసికొన్నప్పుడు అచ్చటి అస్థికలన్నియు ఒకే గుంటలో కలిసిపోయినవి. సమాధి లేదు.

ఈ కథలో దోషిని వెదకువారు సాధారణముగా రోడిన్ పేరు చెప్పుదురు. వ్యక్తిగా ఆయన దోషము ఆయనది. కాని శిల్పిగా ఆయన ఆమె కొరకు అధికారులకు వ్రాసినవాడు, విడిపోయిన తరువాత కూడ మిత్రుల ద్వారా రహస్యముగా ధనము పంపినవాడు. 1914లో మొర్హార్ట్, రాబోవు రోడిన్ మ్యూజియమున కమీల్ శిల్పములకు ఒక గది కేటాయింపవలెనని కోరగా ఆయన ఒప్పుకొనెను. పాల్ క్లోదెల్ మహాకవి. ఆయన వాక్యమును గౌరవించుచునే, ఆ ముప్పది ఏండ్లకు ఆయన సమాధానము చెప్పుకొనవలసియున్నదని అనక తప్పదు. చివరి దినములలో ఆ భారమును ఆయన కొంత ఒప్పుకొనెను కూడ. అన్నిటికంటె పెద్ద దోషము పేరు లేనిది: ఆడపిల్లకు మూసిన పాఠశాల, వచ్చి రాని ప్రభుత్వ ఉత్తరువు, ఒక్క సంతకముతో ఒక జీవితమును తాళము వేయు చట్టము. వీనికి ముఖము లేదు గనుక చలనచిత్రములలో ఇవి వేషము వేయవు.

1951లో పారిస్‌నందలి రోడిన్ మ్యూజియమున ఆమె శిల్పముల ప్రదర్శనము జరిగెను. మరుసటి యేడు పాల్ కొన్ని శిల్పములను అచ్చటికే దానము చేసెను. ఒప్పుకొన్న గది ముప్పది ఎనిమిదేండ్లకు సమకూడినదన్నమాట. 1982లో ఓర్సే మ్యూజియము ‘ప్రౌఢ వయస్సు’ కంచు ప్రతిని కొనెను. 1984లో రోడిన్ మ్యూజియము పెద్ద ప్రదర్శనము నేర్పరచెను. పాల్ మనుమరాలు రెన్-మరీ పారిస్ ఆమె జీవితచరిత్రను ప్రకటించెను. 1988లో ఇసబెల్ అద్జానీ నటించిన చిత్రము వెలువడగా ఆమె పేరు ప్రపంచమంతట మారుమ్రోగెను. 2023, 2024 సంవత్సరములలో అమెరికాలో షికాగోనందును, లాస్ ఏంజెలెస్ గెట్టి మ్యూజియమునందును ఆమె శిల్పములను వరుసగా ప్రదర్శించిరి. పారిస్‌లో పదిహేనేండ్లుగా మూతపడియున్న ఒక ఇంటిలో గుడ్డ కప్పియున్న ‘ప్రౌఢ వయస్సు’ కంచు ప్రతి యొకటి బయటపడగా, 2025 ఫిబ్రవరిలో ఓర్లెయాన్ పట్టణమున జరిగిన వేలములో అది 30 లక్షల యూరోలకు పైబడి అమ్ముడుపోయెను. అద్దె బాకీలకు వెరచి తలుపు తీయని మనిషి చేసిన వస్తువది.

నొజెంట్-సుర్-సేన్ పట్టణమున, ఒకప్పుడు ఆ కుటుంబము కాపురమున్న ఇంటిని కలుపుకొని, 2017 మార్చిలో కమీల్ క్లోదెల్ మ్యూజియము తెరువబడినది. ఆమె శిల్పములు నలుబదికి పైగా అచ్చట కలవు. తొలినాడు ఆ బాలిక మట్టిబొమ్మలను చూచి మెచ్చుకొన్న ఆల్ఫ్రెడ్ బూషే శిల్పములును ఆ కప్పు క్రిందనే ఉన్నవి. షాతోరూ పట్టణము ఒకప్పుడు నవ్విన ప్లాస్టరు శకుంతల మాత్రము నేటికిని షాతోరూలోనే, బెర్త్రాఁ మ్యూజియమున, తన పాత పేరుతోనే ఉన్నది.